చీటీలో "5 ఎంఎల్" అని మాత్రమే ఉంటే పిల్లల డోసు ఎలా సరిచూడాలి?

కొత్త కౌంటర్:
మందుల షాపుకు వచ్చే పిల్లల చీటీల్లో తరచూ కనిపించే రాత ఇది: "పారాసిటమాల్ సిరప్ 5 ఎంఎల్, రోజుకు మూడుసార్లు". బిడ్డ బరువు ఉండదు, ఏ స్ట్రెంగ్త్ సిరప్పో ఉండదు. అరలో చూస్తే అదే మందు 5 ఎంఎల్‌కు 120 ఎంజీది ఒకటి, 250 ఎంజీది ఒకటి, పసిపిల్లల డ్రాప్స్ ఒకటి. అట్టపెట్టెలు కూడా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అప్పుడు ఏది ఇవ్వాలి? వయసును బట్టి లెక్క కట్టేయొచ్చా, బరువు తెలిసేదాకా ఆగాల్సిందేనా? యాంటీబయాటిక్ అయితే డోసు ఎక్కువైందో లేదో పోల్చుకోవడం ఎలా? ఫార్ములాలు పుస్తకంలో ఉన్నాయి. ఎదురుగా మనిషి నిలబడి ఉన్నప్పుడు ఏది ముందు, ఏది తర్వాత చూసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

పాత చీటీ:
ఎంఎల్ కొలత మాత్రమే. డోసంటే ఎంజీ. ఈ తేడా బుర్రకెక్కితే మిగతాదంతా హెచ్చవేతలు, భాగహారాలే.

వరస ఇదీ: ముందు బరువు, దాన్ని కిలోకు ఇన్ని ఎంజీ అన్న అంకెతో హెచ్చవేస్తే డోసు ఎంజీల్లో వస్తుంది. చేతిలో ఉన్న సీసాలో ఒక ఎంఎల్‌కు ఎన్ని ఎంజీ ఉందో చూసి దాంతో భాగిస్తే ఎంఎల్ వస్తుంది. పారాసిటమాల్‌కు ఒక్కో డోసు కిలోకు 10–15 ఎంజీ. రెండు డోసుల మధ్య కనీసం 4 గంటలు, వీలైతే 6 గంటలు. 24 గంటల్లో నాలుగు డోసులు, మొత్తం కిలోకు 60 ఎంజీ దాటకూడదు.

మీ చీటీనే 12 కిలోల బిడ్డకు పెట్టి చూడండి. 5 ఎంఎల్‌కు 120 ఎంజీ సిరప్ అయితే 5 ఎంఎల్ అంటే కిలోకు 10 ఎంజీ, సరిపోయింది. 250 ఎంజీది అయితే అదే 5 ఎంఎల్ కిలోకు దాదాపు 21 ఎంజీ, ప్రతి డోసూ ఎక్కువే. ఎంఎల్‌కు 100 ఎంజీ ఉన్న డ్రాప్స్ సీసా చేతికొచ్చిందనుకోండి, ఒక్కో డోసు 500 ఎంజీ, కిలోకు 42. రోజుకు మూడుసార్లంటే కిలోకు 125 ఎంజీ, అంటే రోజంతటి పరిమితికి రెట్టింపు పైన. చీటీలో ఒక్క అక్షరం మారలేదు, సీసా మారిందంతే. డ్రాప్స్ పసిపిల్లలకు కదా, పలచగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అదే అన్నిటికన్నా చిక్కటిది. కొద్ది చుక్కల్లోనే డోసు పట్టాలని అలా చేస్తారు.

ఈ లెక్కను బట్టి "డాక్టరు గారు 120నే అనుకుని ఉంటారు" అని మనమే తేల్చేసి ఇచ్చేయకూడదు. బరువు, లెక్క ముందు పెట్టుకుని ఫోన్ చేస్తే అర నిమిషంలో తేలుతుంది. "ఏం స్ట్రెంగ్త్ సార్?" అని అడిగే కన్నా "12 కిలోలు, 120 సిరప్ 5 ఎంఎల్ ఇస్తే కిలోకు 10 వస్తుంది, ఇవ్వమంటారా?" అని అడగండి. జవాబు వెంటనే వస్తుంది. విన్నది చీటీ మీద తేదీతో రాసి పెట్టుకోండి.

తక్కువ డోసూ ప్రమాదమే. 20 కిలోల పిల్లవాడికి 120 సిరప్ 5 ఎంఎల్ పోస్తే కిలోకు 6 ఎంజీ. జ్వరం దిగదు. రెండు గంటలకే మళ్లీ పోస్తారు, ఆపైన ఇంట్లో ఉన్న ఇంకో సీసా కూడా తీస్తారు. కొన్ని ఓవర్‌డోసులు ఇలా చాలని డోసుతోనే మొదలవుతాయి.

వయసును బట్టి కట్టే లెక్క ఉజ్జాయింపే. రెండేళ్ల పిల్లల్లో 10 కిలోల వాళ్లూ ఉంటారు, 15 కిలోల వాళ్లూ ఉంటారు. కౌంటర్ దగ్గర కాటా ఉంటే మంచిది. పిల్లవాడు నిలబడకపోతే పెద్దవాళ్లు ఎత్తుకుని ఒకసారి, దించి ఒకసారి ఎక్కి తేడా తీయండి. నెలల పసికందుకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, అరకిలో తేడా అక్కడ చాలా పెద్దది. బరువు పౌండ్లలో చెప్పేవాళ్లతో జాగ్రత్త: 26 పౌండ్లంటే 12 కిలోలే. అంకెను కిలోలుగా రాసుకుంటే డోసు రెట్టింపు దాటుతుంది. ఇక బరువు ఎంత ఉన్నా పెద్దవాళ్ల డోసు మించకూడదు. 13 ఏళ్లకే 80 కిలోలున్న పిల్లవాడికి 15తో హెచ్చవేస్తే 1200 ఎంజీ వస్తుంది, కానీ పారాసిటమాల్ ఒక డోసు 1 గ్రాము దగ్గరే ఆగాలి.

యాంటీబయాటిక్ దగ్గర దెబ్బతినేది "రోజుకు", "డోసుకు" అన్న రెండు మాటల మధ్య. అమాక్సిసిలిన్ కిలోకు రోజుకు 40 ఎంజీ అనుకుందాం. 12 కిలోలకు రోజుకు 480, రెండుగా పంచితే పూటకు 240. 5 ఎంఎల్‌కు 250 ఎంజీ ఉన్న సిరప్‌లో 4.8 ఎంఎల్. ఆ 40ని పూటకు అని చదివితే రెట్టింపు పోతుంది. అయితే చెవి ఇన్ఫెక్షన్ లాంటి వాటికి కావాలనే కిలోకు రోజుకు 80–90 ఎంజీ రాస్తారు. కాబట్టి అమాక్సిసిలిన్ రెట్టింపుగా కనిపిస్తే వెంటనే తప్పని తేల్చకుండా, ఏ జబ్బుకో అడగండి. పారాసిటమాల్ రెట్టింపుగా కనిపిస్తే మాత్రం సందేహించనక్కర్లేదు, అది పొరపాటే.

ఇంకొకటి, చుక్క. "5.0" అని రాస్తే చుక్క కనపడక 50 అవుతుంది, ".5" అని రాస్తే 5 అవుతుంది. మీరు లేబుల్ రాసేటప్పుడు 5 అనీ, 0.5 అనీ మాత్రమే రాయండి.

వార్డు సిస్టర్:
పైన చెప్పిన లెక్క అంతా సరిగ్గా కట్టి, చివర్లో "ఒక చెంచా పోయండి" అంటే మొదటికొస్తుంది. ఇంట్లో చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు. కొన్నిట్లో 3 ఎంఎల్ కూడా పట్టదు, కొన్నిట్లో 7 పడుతుంది. మూతకప్పుతో 5, 10 లాంటి గుండు అంకెలు ఫర్వాలేదు, అదీ బల్ల మీద పెట్టి, కళ్లు గీత ఎత్తుకు దించి చూస్తే. 3.6 ఎంఎల్ కప్పులో ఎవ్వరూ కొలవలేరు. నోటి సిరంజి ఇవ్వండి.

సిరంజి సైజు కూడా డోసుకు దగ్గరగా ఉండాలి. 0.6 ఎంఎల్‌కు 1 ఎంఎల్ సిరంజి, 3.5కు 5 ఎంఎల్‌ది. 10 ఎంఎల్ సిరంజిలో 0.6 కచ్చితంగా తీయడం కష్టం. ప్లంజర్ చివర నల్ల రబ్బరు ఉంటుంది కదా, దానికి రెండు అంచులు కనిపిస్తాయి. సిరంజి మూతి వైపున్న అంచు గీతతో కలవాలి. వెనకంచు చూసి కొలిచేవాళ్లు చాలామంది, వాళ్లు ప్రతిసారీ తక్కువ తీస్తారు. రబ్బరు మొన కూచిగా ఉంటే ఆ మొనను లెక్కలోకి తీసుకోవద్దు, సిరంజి గోడను అంటుకుని ఉన్న అంచే చూడాలి.

గాలి బుడగ ఉంటే అంత మందు తగ్గినట్టే. మూతి పైకి పెట్టి గోటితో తట్టండి, బుడగ పైకొస్తుంది, మెల్లగా బయటికి తోసి మళ్లీ గీత సరిచూసుకోండి. సూది సిరంజిని నోటికి వాడాల్సి వస్తే సూదితో పాటు మూతి మీది చిన్న ప్లాస్టిక్ టోపీ కూడా అక్కడే పారేయండి. అది నోట్లోకి జారి గొంతుకు అడ్డం పడిన సందర్భాలున్నాయి.

డ్రాప్స్‌తో వచ్చే ఫిల్లర్ (మందు తీసే చిన్న గొట్టం) ఆ సీసాకే. ఒక మందు ఫిల్లర్ మీద ఎంఎల్ గీతలుంటే ఇంకోదాని మీద ఎంజీ గీతలుంటాయి. మార్చుకుంటే అంకె అదే, మందు వేరు. చుక్కలు లెక్కపెట్టి ఇవ్వడమూ వద్దు. ఎంఎల్‌కు 20 చుక్కలన్నది నీళ్ల లెక్క, చిక్కటి ద్రవం చుక్క వేరేగా పడుతుంది.

పోసేటప్పుడు పిల్లను కూర్చోబెట్టి, సిరంజి మూతిని బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టి కొంచెం కొంచెంగా వదలాలి. నాలుక మీదుగా గొంతులోకి ఒక్కసారి కొడితే పొలమారుతుంది. పాలసీసాలో కలపొద్దు. సగం పాలు వదిలేస్తే ఎంత మందు లోపలికెళ్లిందో దేవుడికే తెలియాలి.

వాంతి చేసుకుంటే ఏం చెయ్యాలని మీ దగ్గరా అడుగుతారు. అరగంట లోపు కక్కి, అందులో మందు కనిపిస్తే అదే డోసు ఒక్కసారి మళ్లీ ఇవ్వొచ్చు. గంట దాటితే అక్కర్లేదు. మధ్యలో అయితే డాక్టరును అడగాలి.

కొత్త కౌంటర్:
చాలా ఉపయోగంగా ఉందండీ. నల్ల రబ్బరు సంగతి ఏ పుస్తకంలోనూ ఇంత వివరంగా లేదు. మరో రెండు సందేహాలు. డ్రై సిరప్ (నీళ్లు కలిపి వాడే పొడి మందు) మనమే కలిపివ్వాలా, ఇంట్లో కలుపుకోమనొచ్చా? గీత దాకా నీళ్లు పోశాక లెవెల్ కిందికి దిగుతోంది, ఎందుకు? సిరప్ దొరకనప్పుడు పెద్దవాళ్ల మాత్రను ముక్క చేసి ఇవ్వొచ్చా?

పొడి సీసా:
వీలైనంత వరకు కౌంటర్లోనే కలపండి. ఇంట్లో కలిపితే తప్పు ఎక్కడ జరిగిందో కనుక్కోవడం కూడా కష్టం.

లెవెల్ దిగడానికి కారణం పొడి గడ్డకట్టి ఉండటం, దాని సందుల్లో గాలి నిండి ఉండటం. అందుకే ముందు మూత తీయకుండా సీసాను తలకిందులు చేసి అరచేతికి తట్టండి, పొడి విడివిడిగా దొర్లుతున్న చప్పుడు వినిపించాలి. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు మొదట సగం పైచిలుకు పోసి, మూత బిగించి, అడుగున ముద్ద లేకుండా పోయేదాకా ఊపండి. తర్వాత కాసేపు వదిలేయండి. ఇక్కడే తొందరపడతారు. నురగ దిగకముందే చూస్తే గీత దాకా వచ్చినట్టు కనిపిస్తుంది, నీళ్లు తక్కువ పడతాయి, సీసా మొత్తం చిక్కగా మిగులుతుంది. నురగ దిగాక గీత దాకా నింపి మళ్లీ ఊపండి. లేబుల్ మీద నీళ్లు ఇన్ని ఎంఎల్ అని ఉంటే గీతను నమ్ముకోకుండా ఆ అంకెను కొలజాడీతో కొలిచి పోయండి. వేడి నీళ్లు వద్దే వద్దు, అమాక్సిసిలిన్‌తో కలిపి ఇచ్చే క్లావులానిక్ యాసిడ్ లాంటివి వేడికి చెడిపోతాయి.

కలిపిన తేదీ, పారేయాల్సిన తేదీ, రెండూ సీసా మీదే రాయండి. అట్టపెట్టె మీద రాస్తే పెట్టె చెత్తబుట్టలోకి, తేదీ కూడా దాంతోపాటే. అమాక్సిసిలిన్-క్లావులానేట్ కలిపాక ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య 7 రోజులు. డీప్ ఫ్రీజర్లో పెట్టకూడదు. కోర్సు 10 రోజులైతే రెండో సీసా పొడిగానే ఇచ్చి, మొదటిది ఏడు రోజులకు అయిపోగానే తెచ్చి కలిపించుకోమనండి. అన్నీ ఫ్రిజ్‌లో పెట్టేవే అనుకోకండి. క్లారిత్రోమైసిన్ సిరప్‌ను ఫ్రిజ్‌లో పెడితే చిక్కబడి చేదెక్కుతుంది, దాన్ని బయటే ఉంచాలి.

ఈ క్లావులానేట్ సీసాల మీది అంకె కూడా మోసం చేస్తుంది. 228.5 అంటే అమాక్సిసిలిన్ 200, క్లావులానిక్ యాసిడ్ 28.5. 457 అంటే 400, 57. డోసు కట్టేది అమాక్సిసిలిన్ భాగం మీద. మొత్తం అంకెతో భాగిస్తే డోసు తగ్గుతుంది. 625 మాత్రలో పాళ్లు వేరు, 500కు 125. సిరప్ లేదని ఆ మాత్రను విరిచి ఇస్తే క్లావులానిక్ యాసిడ్ దామాషా పెరిగి విరేచనాలు పట్టుకుంటాయి.

మామూలు మాత్రకు మధ్యలో గాటు ఉంటే సగం చేయొచ్చు, పావు చేయడం జూదమే. మాత్రను 10 ఎంఎల్ నీళ్లలో నూరి అందులో 2.5 ఇవ్వమనడం కొన్నిసార్లు చూస్తాం. పూర్తిగా కరిగే మందైతే సరే, కరగనిదైతే పొడి అడుక్కి దిగిపోతుంది, పైన తీస్తే నీళ్లు, కింద తీస్తే మందంతా. నిదానంగా విడుదలయ్యే మాత్రలు, పేగులో కరిగేలా పూత వేసినవి నూరనే కూడదు. విరేచనాలకిచ్చే జింక్ నీళ్లలో విడిపోయే మాత్రగా వస్తుంది కాబట్టి ఆ గొడవ లేదు: 6 నెలలు దాటితే రోజుకు 20 ఎంజీ, లోపైతే 10 ఎంజీ, విరేచనాలు ఆగినా సరే 10–14 రోజులు.

కొలత సరిగ్గా జరుగుతోందా అని తెలుసుకునే చిట్కా ఒకటి. 4.8 ఎంఎల్ రోజుకు రెండుసార్లు 5 రోజులంటే 48 ఎంఎల్. 60 ఎంఎల్ సీసాలో చివరికి 12 మిగలాలి. మూడో రోజుకే సీసా ఖాళీ అయిందంటూ వస్తే ఇంకో సీసా ఇచ్చే ముందు ఎంత పోస్తున్నారో అడగండి.

పిల్లల డాక్టర్:
చీటీ వైపు నుంచి తప్పు ఒప్పుకోవాల్సిందే. రాయాల్సింది ఇలా: "బరువు 12 కిలోలు. పారాసిటమాల్ 180 ఎంజీ, 5 ఎంఎల్‌కు 250 ఎంజీ సిరప్, 3.6 ఎంఎల్, జ్వరం ఉంటేనే, 6 గంటలకోసారి." ఇలా రాస్తే కౌంటర్లో లెక్క తిరిగి కట్టుకోగలరు, తప్పుంటే అక్కడే దొరుకుతుంది.

సిస్టర్ గారు చెప్పిన వాంతి సంగతికి ఒక చిన్న సవరణ. జ్వరం మందుకూ మామూలు యాంటీబయాటిక్‌కూ అది సరే. ఫిట్స్ మందు, గుండె మందు, ముఖ్యంగా డిగాక్సిన్ అయితే అరగంట లోపు కక్కినా సొంతంగా రెండోసారి ఇవ్వొద్దు, అడిగి తీరాలి. వాటిల్లో డోసుకూ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ.

కౌంటర్లో తప్పక అడగాల్సింది "ఇంట్లో ఇంకేం వాడుతున్నారు?" అని. జలుబు సిరప్పుల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. జ్వరానికొకటి, జలుబుకొకటి అనుకుని రెండూ పోస్తే ఒకే మందు రెండుసార్లు. అసలు రెండేళ్ల లోపు పిల్లలకు జలుబు-దగ్గు సిరప్పులు ఇవ్వకూడదు, లాభం కన్నా మత్తు, గుండెదడ లాంటి నష్టమే ఎక్కువ. కోడీన్ 12 ఏళ్ల లోపు వద్దు. కొందరు పిల్లల కాలేయం దాన్ని మార్ఫిన్‌గా చాలా వేగంగా మార్చేస్తుంది, మామూలు డోసుకే ఊపిరి మందగిస్తుంది. వైరల్ జ్వరంలో ఆస్పిరిన్ ఇస్తే కాలేయం, మెదడు దెబ్బతినే రైస్ సిండ్రోమ్ ప్రమాదం. ఐబుప్రోఫెన్ కిలోకు 5–10 ఎంజీ, 6–8 గంటలకోసారి. 3 నెలల లోపు అసలు వద్దు. వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి దెబ్బ. డెంగీ అనుమానం ఉన్నా, చికెన్‌పాక్స్ ఉన్నా వద్దు. 3 నెలల లోపు పాపకు 38 డిగ్రీల జ్వరం ఉందని వస్తే సీసా అమ్మకండి, డాక్టరు దగ్గరికి పంపండి.

పొరపాటున ఎక్కువ పోశామని వచ్చేవాళ్లూ ఉంటారు. "బాగానే ఉన్నాడు కదా, చూద్దాం" అనకండి. పారాసిటమాల్ ఎక్కువైన పిల్లవాడు మొదటి రోజంతా ఆడుకుంటూనే ఉండొచ్చు, కాలేయం దెబ్బ తర్వాత బయటపడుతుంది. మింగిన 4 గంటలకు రక్తంలో మందు ఎంతుందో చూస్తారు. విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్ 8 గంటల లోపు మొదలైతే బాగా పనిచేస్తుంది. వాంతి చేయించే ప్రయత్నం వద్దు. సీసాతో సహా ఆస్పత్రికి పంపండి, ఎంత మిగిలిందో చూస్తే ఎంత పోయిందో తెలుస్తుంది. ఐరన్ మాత్రలు మింగినా అంతే, ఒకసారి వాంతులై తేరుకున్నట్టు కనిపించినా నమ్మకూడదు.

కొత్త కౌంటర్:
అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒక్కటి. సీసా చేతికిచ్చేటప్పుడు ఏం చెప్పాలి? "అర్థమైందా" అంటే అందరూ తల ఊపుతారు.

పాత చీటీ:
అందుకే ఆ మాట అడగొద్దు. సిరంజి, సీసా వాళ్ల చేతికే ఇచ్చి "ఒక డోసు తీసి చూపించండమ్మా" అనండి. సిస్టర్ గారు చెప్పిన రబ్బరు అంచు తప్పు అక్కడే కనిపిస్తుంది. సరిగ్గా తీశాక ఆ గీత దగ్గర సిరంజి మీద చెరగని పెన్నుతో ఒక గీటు గీయండి. అమ్మమ్మ పోసినా, పనికెళ్లొచ్చిన తండ్రి పోసినా అక్కడి దాకే తీస్తారు. అన్నట్టు, డాక్టరు గారి ఉదాహరణలోని 3.6 గీత మీ 5 ఎంఎల్ సిరంజి మీద లేకపోతే 3.5 చేసేయండి. ఆ తేడా 5 ఎంజీ మాత్రమే. కాకపోతే డాక్టరు గారితో మాట్లాడినప్పుడే ఆ మాటా చెప్పండి.

లేబుల్ ఇలా: "పారాసిటమాల్, 5 ఎంఎల్‌కు 250 ఎంజీ. జ్వరం ఉంటేనే 3.5 ఎంఎల్, అంటే 175 ఎంజీ. మళ్లీ ఇవ్వడానికి కనీసం 6 గంటలు ఆగాలి. 24 గంటల్లో 4 సార్లకు మించకూడదు. ఊపి పోయాలి." కింద కొంచెం చోటు వదలండి, ఇచ్చిన టైము రాసుకోవడానికి. ఇద్దరు మనుషులు పోసే ఇంట్లో, ఒకరు పోశారని ఇంకొకరికి తెలియక పడే డబుల్ డోసు ఆ చోటుతోనే ఆగుతుంది.